గురువారం చైరో

ఎర్రజెండా కనపడకపోయుంటే గ్రిసెల్దా ఆ సోమవారం వెనక్కి తిరిగి వెళ్ళిపోయేదే.

కైమా మిట్ట ఎక్కేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. ఏ సందు చూసినా అవే తెల్లరాతి గోడలు, గుమ్మాల్లో అవే కుక్కలు. ఎవరినడిగినా గడ్డం ఎత్తి "అదిగో, అక్కడే" అంటారు. అక్కడికెళితే ఇంకో గోడ. లిమా ప్రచురణకర్తకి ఆమె రాస్తున్న పుస్తకం దాదాపు పూర్తయింది. అరెకీపా ఊళ్ళో ఎవరికీ తెలియని పూటకూళ్ళ వంటిళ్ళ మీద పుస్తకం అది. ఒక్క చోటు ఖాళీ ఉంది. ఆ ఒక్కటీ దొరక్క చెప్పులరుగుతున్నాయి.

సందు చివర గోడ పగుల్లో గుచ్చిన వెదురుకర్ర కనిపించింది. దాని కొసన వెలిసిపోయిన ఎర్రగుడ్డ. అంటే లోపల మొక్కజొన్న కల్లు, చిచా, పులిసింది, కుండ మూత తీశారు. బోర్డు లేదు, పేరు లేదు. గ్రిసెల్దా తల వంచి లోపలికి దూరింది.

పొగ, పొడుగు బల్ల, రెండువైపులా బెంచీలు. బెంచీల్లో సగం ఖాళీ. పొయ్యి కింద గినీపందులు కిచకిచమంటున్నాయి. వంటావిడ దోన్యా ఓతీల్యా మోకాళ్ళ మీద కూర్చుని రాతిపలక మీద అర్ధచంద్రం లాంటి బండని ఇటూ అటూ ఊపుతోంది. దాని కింద రొకోటో మిరపకాయలు ఎర్రగా నలుగుతున్నాయి.

"కూర్చో తల్లీ, నిలబడి చూస్తే కడుపు నిండదు" అంది తలెత్తకుండానే.

బెంచీ కొసన ఒక ముసలాయన ఉన్నాడు. ఎడమ కంటి చోట ముడతపడ్డ తోలే ఉంది. కుడి కంట్లో పాలు పోసినట్టు తెల్లటి పొర. ఓతీల్యా గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చెంచా ముట్టుకోలేదు. గిన్నె మీదికి వంగి, ఆవిరి పోకుండా రెండు చేతులూ అడ్డుపెట్టి, మెల్లగా వాసన పీల్చాడు.

"చాకే. వెన్నెముక మాంసం, పొట్టపేగు. బంగాళదుంప చేత్తో నలిపావు, కత్తి తగల్లేదు. పుదీనా మాత్రం ఆలస్యంగా పడింది."

"సరిగ్గానే పడింది దోన్ మెలితోన్. కళ్ళు పోయి ముక్కు పెరిగింది మీకు."

"శుక్రవారం కన్నొస్తే ముక్కు తగ్గించుకుంటాలే."

ఎదురుగా కూర్చున్న బడి వ్యాను డ్రైవరు ఫ్రోయిలాన్ గ్లాసు దించాడు. "ఆలోచించుకోండి దోన్ మెలితోన్. కట్టు విప్పగానే ఓతీల్యా మొహం కనబడుతుంది. డాక్టరు గారూ, మళ్ళీ కట్టండి అంటారు."

ఓతీల్యా విసిరిన మొక్కజొన్న గింజ ఫ్రోయిలాన్ చెవికి తగిలింది. బల్లంతా నవ్వింది.

గ్రిసెల్దాకి సంగతి మెల్లగా తెలిసింది. మెలితోన్ రాతిగనిలో పనిచేసేవాడు. ఉలి దెబ్బకి లేచిన రాతిపెళ్ళ ఎడమ కన్ను తీసుకుపోయింది. మిగిలిన కంటికి శుక్లం ముదిరింది. కింద చర్చి హాల్లో లిమా డాక్టర్లు శిబిరం పెట్టారు, శనివారం దాకా ఉంటారు. శుక్రవారం పొద్దున ఈయన వంతు. ఒంటరి మనిషి. ఫ్రోయిలాన్ వ్యాన్లో దింపుతానన్నాడు.

"మర్చిపోరు కదా?" అంది గ్రిసెల్దా.

ముసలాయన ఆమె గొంతు వైపు తిరిగాడు. "మర్చిపోవడమేమిటి? గురువారం ఇక్కడ మినెస్త్రోన్ తాగుతాను. మర్నాడు కోతకి పోతాను. దీనికి కాలెండరెందుకు?"

నిజమే. ఈ ఊళ్ళో రోజుకో చారు: సోమవారం చాకే, మంగళవారం చైరో, బుధవారం చొచోకా, గురువారం మినెస్త్రోన్. ఏ వంటింట్లో అడుగుపెట్టినా వారం ముక్కుకి తెలుస్తుంది. గ్రిసెల్దా వాళ్ళ అమ్మమ్మ గోడ గడియారం కంటే గిన్నెనే నమ్మేది.

చాకే నాలిక మీద పడగానే గ్రిసెల్దా వెతుకులాట ముగిసింది. ఇదే చోటు. బయటికొచ్చి లిమాకి ఫోన్ చేసింది. ఎడిటరు సంబరపడిపోయాడు. "రెన్సోని పంపిస్తా. ఫొటో ముఖచిత్రానికి. చైరో కావాలి. నల్లగా, చిక్కగా, ఆవిరితో."

"అయితే రేపే రావాలి. చైరో మంగళవారమే."

"రెన్సోకి గురువారం తప్ప ఖాళీ లేదు. ఒక్క గిన్నె, గ్రిసెల్దా. పుస్తకం చదివేవాడు వారం చూస్తాడా?"

ఆమె మళ్ళీ లోపలికెళ్ళి, పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, గొంతు తగ్గించి పుస్తకం సంగతి చెప్పి అడిగింది. ఓతీల్యా బండ ఊపడం ఆపేసింది.

"గురువారం చైరోనా? ఫాదర్‌ని నైట్‌డ్రెస్సులో పూజ చెయ్యమనలేకపోయావా?"

గ్రిసెల్దా చెవులు వేడెక్కాయి. అమ్మమ్మ బతికుంటే ఈ మాటకి చెంప పగలగొట్టేది. "ఒక్కసారే దోన్యా" అంది.

ఓతీల్యా బల్ల వైపు చూసింది. బెంచీ మీద ఖాళీగా నున్నబడిన చెక్కని చూసింది. కింద రోడ్డు మీద రంగు దీపాల హోటలు తెరిచినప్పటి నుంచీ ఆ చెక్క ఖాళీగానే ఉంటోంది.

"పుస్తకంలో పడితే జనం వస్తారా?"

"వస్తారు."

"ఒక్కసారే. మీ అమ్మమ్మ ఉంటే చెప్పకు" అని మళ్ళీ బండ మీద చెయ్యి వేసింది.

* * *

గురువారం పొద్దున గ్రిసెల్దా, రెన్సో వచ్చేసరికి ఓతీల్యా పనిలో ఉంది. మంచుకి ఎండబెట్టిన నల్ల బంగాళదుంపలు రాత్రే నానబోసింది. ఒక్కొక్కటీ తీసి, పిండి, పొట్టు ఊడదీసి, రాతిపలక మీద చితక్కొడుతోంది. ఎండు గొర్రెమాంసం కుండలో ఉడుకుతోంది. చెయ్యి రోజూలాగే ఆడుతోంది. ఒకసారి మాత్రం "నా చేతికి తెలుసు, ఇవాళ కాదని" అని గొణిగింది.

రెన్సో చురుకైనవాడు. గిన్నెని కిటికీ దగ్గరికి జరిపాడు, గోడ మీది కాలెండరు తీసేయించాడు, గ్రిసెల్దా చేతికి తెల్లగుడ్డ ఇచ్చి వెలుతురు గిన్నె మీద పడేలా పట్టుకోమన్నాడు. "కదలొద్దు. ఊపిరి కూడా."

మధ్యాహ్నం రోజూ వచ్చేవాళ్ళు బల్ల దగ్గర చేరారు. వచ్చినవాడల్లా గుమ్మంలో ఆగి, ముక్కు ఎగబీల్చి, వెర్రి మొహం వేశాడు.

"ఓతీల్యా, నీకు మతిపోయిందా, నాకా?"

"ఇద్దరికీ" అన్నాడు ఫ్రోయిలాన్. వాడికి పండగలా ఉంది. బెంచీ ఎక్కి నిలబడ్డాడు. "అందరూ వినండి! ప్రభుత్వం వారం మార్చేసింది. ఇవాళ మంగళవారం! మా అత్తగారు శనివారం వస్తానంది. ఇంకో రెండు రోజులు బతికిపోయాను!"

"మంగళవారమే!" అని బల్ల గుద్దారు. కొత్తగా ఎవరు తలుపు తోసినా అదే కేక. చిచా గ్లాసులు ఎగిరాయి. ఓతీల్యా గరిటె చూపించి బెదిరించింది, కానీ ఆమె పెదవి మీద కూడా నవ్వు తొంగిచూసింది.

అప్పుడొచ్చాడు మెలితోన్. మెడ చుట్టూ ఉన్ని మఫ్లరు, బుగ్గలు లోపలికి పోయాయి. సోమవారం రాత్రి నుంచి జ్వరం. పడుకోవడం, మంచినీళ్ళు తాగడం, మళ్ళీ పడుకోవడం. కర్రతో గుమ్మం తడిమి, అక్కడే ఆగిపోయాడు. ముక్కుపుటాలు కదిలాయి. మొహంలోంచి ఏదో భారం దిగిపోయింది.

"చైరో! అమ్మయ్య. చాన్నాళ్ళు పడుకుండిపోయాననుకున్నా. ఇవాళ మంగళవారమేనా?"

"మంగళవారమే!" బల్లంతా ఒక్క గొంతుతో అరిచింది.

ముసలాయన కూడా నవ్వాడు. ఆయన నవ్వడంతో అందరూ ఇంకా నవ్వారు. ఆయన తన కొస చోట్లో కూర్చుని, గిన్నె మీదికి వంగి, చేతులు అడ్డుపెట్టాడు. "నల్లదుంప రాతి మీదే దంచావు. ఎండు గొర్రె. వాకతాయ్ ఆకు. ఇందులో తప్పు లేదు ఓతీల్యా." గిన్నె ఖాళీ చేసి, కర్ర అందుకున్నాడు.

"వస్తా. రేపు చొచోకాకి కలుద్దాం."

గ్రిసెల్దా తల తిప్పింది. రేపు చొచోకా ఏమిటి? రేపు...

"గుడ్డ కదిలింది!" రెన్సో కసిరాడు. "ఆవిరి పోతోంది, పట్టుకో!"

ఆమె గుడ్డ సరిచేసింది. మళ్ళీ చూసేసరికి గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు. ముసలాయనకి భలే హాస్యం, అందరికంటే ఒక మెట్టు ఎక్కువే చదివాడు అనుకుంది. ఆ ఫొటో అద్భుతంగా వచ్చింది.

* * *

శుక్రవారం ఓతీల్యాకి ఫొటో చూపించాలని గ్రిసెల్దా మళ్ళీ మిట్ట ఎక్కింది. కాలెండరు గోడ మీదికి తిరిగొచ్చింది. పెద్ద కుండలో ఎండురొయ్యలు, జున్ను, పచ్చి చిక్కుడుగింజలు. ఓతీల్యా కోడిగుడ్లు ఒక్కొక్కటే చిట్లించి చారులోకి జారవిడుస్తోంది. మొహం తేటగా ఉంది. బల్ల దగ్గర ఫ్రోయిలాన్, నిన్నటి వాళ్ళే ఉన్నారు.

"ఈపాటికి కోత అయిపోయుంటుంది" అంది. "ఆ ముక్కుకి కళ్ళు కూడా తోడైతే ఇంక నన్ను బతకనివ్వడు."

గుమ్మం దగ్గర కర్ర చప్పుడయింది.

మెలితోన్ లోపలికొచ్చి, బెంచీ తడుముకుంటూ తన చోట్లో కూర్చున్నాడు. కంటికి కట్టు లేదు. ఆయన ముక్కు ఎగబీల్చాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఓతీల్యా, చొచోకాలో రొయ్యలేమిటి?"

ఓతీల్యా చేతిలో చిట్లిన గుడ్డు అలాగే ఉండిపోయింది. సొన వేళ్ళ మధ్య నుంచి కారింది.

"దోన్ మెలితోన్, మీరు శిబిరానికి పోలేదా?"

"అది శుక్రవారం కదా."

"ఇవాళ శుక్రవారమే."

"ఏమిటే! నిన్నేగా మంగళవారం. చైరో తాగాను." ఆయన బల్ల వైపు తిరిగాడు. "మీరంతా ఉన్నారుగా, మీరే చెప్పారుగా?"

ఒక్కరూ చెంచా ఎత్తలేదు. జవాబు రాకపోతే ఆ తెల్లటి కన్ను ఒక్కో మనిషి మీదా ఆగి, ముందుకి జరిగింది. ఎవరు ఎక్కడున్నారో ఆయనకి తెలుసు.

"జోకేమో అనుకున్నాం" అన్నారు ఎవరో. "మీరూ నవ్వారు కదా."

"నా వంతు దాటిపోలేదని, బతికిపోయానని నవ్వాను" అన్నాడు మెలితోన్. వేళ్ళు మడుస్తూ, తనలో తను లెక్క కుదరనట్టు అన్నాడు. "పొద్దున చీకటితో ఎవడో వీధిలో హారన్ కొట్టాడు. బుధవారం పూట ఏ వెధవకి పనిలేదో అని తిట్టుకుని అటు తిరిగి పడుకున్నా."

ఫ్రోయిలాన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ వెధవని నేనే దోన్ మెలితోన్. పలకలేదు. మొదటి బస్సుకే పోయారనుకున్నా. బడి పిల్లలు ఎదురుచూస్తుంటే వచ్చేశా."

బల్ల మీద గిన్నెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఫ్రోయిలాన్ ఒక రెక్క, గ్రిసెల్దా ఒక రెక్క పట్టుకుని ముసలాయన్ని వ్యానెక్కించారు. ఓతీల్యా ఏప్రను విప్పకుండానే ఎక్కింది. వాలులో వ్యాను గోడలని రాసుకుంటూ దిగింది. మెలితోన్ ఒక్కడే ఒకసారి అన్నాడు. "మరి రెండు రోజులు ఎక్కడికి పోయాయి?"

చర్చి హాలు గుమ్మంలో ఒక నర్సు కుర్చీలు మడుస్తోంది.

"పొద్దున పేరు పిలిచాం. మళ్ళీ పిలిచాం" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అలసటే. "ఎవరూ లేవకపోతే వెనకున్న చివాయ్ ఊరావిడని లోపలికి తీసుకెళ్ళాం. ఎవరైనా రాకపోతే వంతు దొరుకుతుందేమోనని వచ్చి కూర్చుందట. అదిగో."

గోడవారన కంటికి కట్టుతో ఒకావిడ కూర్చుని ఉంది. అంచు కుట్టిన టోపీ. ఒళ్ళో సగం అల్లిన ఉన్నిమేజోడు. చూడకుండానే వేళ్ళు అల్లుకుపోతున్నాయి.

"రేపు చెయ్యలేరా?" గ్రిసెల్దా గొంతు తనకే కొత్తగా వినిపించింది. "తప్పు ఆయనది కాదమ్మా. మాది. చారు వల్ల..."

"చారా?"

"ఇవాళ గురువారం కాదు కదా, నిన్న మంగళవారం కాదని ఆయనకి..." మాట చిక్కుపడిపోయింది. నర్సు ఆమె మొహంలోకి జాలిగా చూసింది, ఈమెకే ఏదో జబ్బున్నట్టు.

"రేపు కట్లు విప్పడమే. కోతలు లేవు. వానలయ్యాక మళ్ళీ వస్తారు, డబ్బు కుదిరితే."

గ్రిసెల్దాకి ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఎడిటరు ఒక్క గిన్నె అన్నాడు. తను ఒక్కసారే అంది. ఓతీల్యా ఒప్పుకుంది. బల్ల నవ్వింది. ఎవరికి వాళ్ళు పట్టుకున్నది చిన్న ముక్కే. ఆ గోడవారన కూర్చున్నావిడకి రేపు చూపొస్తుంది. అందుకు సంతోషపడాలా? ఆ టోపీ మీద ద్వేషం పుట్టుకొస్తుంటే గ్రిసెల్దా కళ్ళు దించుకుంది.

మెలితోన్ మాత్రం ఆ సూదుల టకటకల వైపు నడిచాడు. "చిన్న పిల్లల మేజోడా?"

"మనవడికయ్యా" అంది ఆవిడ.

"ఊ. మెల్లగా అల్లు. రేపు చూసి విప్పుకోవాల్సి వస్తుంది."

ఆవిడ పకపకా నవ్వింది. ఈయనెవరో ఆమెకి తెలియదు. ఎవరూ చెప్పలేదు.

* * *

శనివారం గ్రిసెల్దా నిర్ణయించుకుని వచ్చింది. "ఈ చోటు పుస్తకంలో వేయను దోన్యా. ఫొటో కూడా తీసేయమంటాను."

ఓతీల్యా పొయ్యిలో కట్టె తోస్తోంది. గిరుక్కున తిరిగింది.

"ఎందుకని?"

"ఎందుకంటే... అది అబద్ధపు చైరో."

"చైరో అబద్ధం కాదు. వారం అబద్ధం." చేతిలో కట్టె కింద పడేసింది. "నువ్వడిగావు, నేను వండాను. మా అమ్మ కూడా చెయ్యని తప్పు చేశాను. ఆ మనిషి కన్ను పోయింది. ఇప్పుడు నువ్వు మనసు మార్చుకుని, చేతులు కడుక్కుని వెళ్ళిపోతావా? నా బెంచీ కూడా ఖాళీగా ఉండాలా? వెయ్యి! ఏ వారం ఏ చారో పెద్దక్షరాలతో వెయ్యి. ఒక్కటి తప్పినా ఈ గరిటెతో లిమా దాకా వస్తా."

తను వదులుకోవాలనుకున్నది తనది కాదని గ్రిసెల్దాకి అంతవరకూ తట్టలేదు. ఆ సాయంత్రం వారాలన్నీ వరసగా రాసి లిమాకి పంపింది. ఎడిటరు "బావుంది" అన్నాడు. అప్పటికే ఫొటోని వాళ్ళ ఇంటర్నెట్ పేజీలో పెట్టేశాడు. కింద ఒకే మాట: కైమా చైరో. వారం లేదు.

సోమవారం కొత్త మొహాలొచ్చాయట. చైరో ఏదని గొడవ చేశారట. ఓతీల్యా చాకే గిన్నె వాళ్ళ ముందు పెట్టి "రేపు రండి" అందట.

వచ్చారు. మంగళవారం గ్రిసెల్దా వెళ్ళేసరికి ఎర్రజెండా కింద సందంతా జనం. ఓతీల్యా పరుగులు పెడుతోంది. ఫ్రోయిలాన్ చిచా కూజా మోస్తున్నాడు, ఎవరూ చెప్పకుండానే. బెంచీ కొస మాత్రం ఖాళీ. అక్కడ ఎవరు కూర్చోబోయినా వాడు లేపేస్తున్నాడు. గ్రిసెల్దా ఆ ఖాళీ పక్కన ఇరుక్కుంది.

మధ్యాహ్నం కర్ర చప్పుడయింది.

మెలితోన్ గుమ్మంలో ఆగాడు. నల్లదుంప, ఎండు గొర్రె, వాకతాయ్. గది గదంతా అదే వాసన. ఆయన లోపలికి అడుగు పెట్టలేదు.

"ఇవాళ గురువారమా?"

కొత్తవాళ్ళు ఫక్కున నవ్వారు. ముసలాయన జోకేశాడనుకున్నారు. ఒకడు ఫోను పైకెత్తాడు. ఫ్రోయిలాన్ కూజా వాడి మొహానికి అడ్డంగా పెట్టాడు.

"మంగళవారం దోన్ మెలితోన్. మా అమ్మ మీదొట్టు."

"నిన్నడగలేదు."

"మంగళవారమే" అంది ఓతీల్యా. గరిటె రెండు చేతులా పట్టుకుంది. "రండి, చల్లారిపోతుంది."

"నిన్నూ అడగలేదు."

ఆయన వెనక్కి తిరిగి సందులోకి నడిచాడు. మలుపులో రొట్టెల బుట్టతో ఒకావిడ పోతోంది. ఆమెని ఆపి ఏదో అడిగాడు. ఆమె వింతగా చూసి జవాబు చెప్పింది. ఆయన తలూపి, ఇంకొంచెం ముందుకెళ్ళి, గోడకి సున్నం కొడుతున్న మనిషినీ అడిగాడు. గది మొత్తం కిటికీలోంచి చూస్తోంది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

తిరిగొచ్చి, బెంచీ తడుముకుని తన చోట్లో కూర్చున్నాడు. పక్కన మనిషి ఉన్నట్టు తెలిసి అటు తిరిగాడు.

"బయట ఇద్దరూ మంగళవారమే అన్నారు" అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వేమంటావమ్మా?"

ఆ తెల్లటి కన్ను గ్రిసెల్దా మీదే ఓపిగ్గా ఆగి ఉంది.

"మంగళవారమే" అంది చివరికి.

"అయితే ముగ్గురు."

ఓతీల్యా గిన్నె తెచ్చి పెట్టింది. పెట్టి పోలేదు, అక్కడే నిలబడింది. ఆవిరి తిన్నగా పైకి లేచింది. మెలితోన్ చేతులు దానికి అడ్డు రాలేదు. తల వంగలేదు. చెంచా కోసం తడుముకుని, ముంచి, వాసన చూడకుండానే తినడం మొదలుపెట్టాడు.